బాణానికి ఈకలు, విమానానికి తోక



సైన్సు గదిలో కిటికీ పైన దారంతో వేలాడగట్టిన తెల్ల విమానం ఉంది కదా, దాన్ని చూసినవాళ్లందరూ నన్ను మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. "ఎంతకు కొన్నారు?" "నిజంగా ఎగిరిందా?" "మళ్లా ఎప్పుడు ఎగరేస్తారు?" ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. గోడపత్రికలో రాస్తానని మేడంను అడిగితే ఈసారి మూడు చార్టులు ఇచ్చినారు. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు సులభం. అది కొన్నది కాదు, మేము ఐదుగురం కలిసి చేసినది. నిజంగానే ఎగిరింది. మూడో ప్రశ్నకు జవాబు చివర రాస్తాను. దానికి మీ అందరి సాయం కావాలి.

రిమోట్ అంటే ఏమి?

రిమోట్ కారు మనలో చాలామంది చూసే ఉంటారు. అహోబిలం తిరునాళ్లలో అంగళ్ల ముందర తిప్పి చూపిస్తుంటారు. మా తమ్మునికి ఒకటి, మా మేనమామ కొడుక్కి ఒకటి, రెండూ ఒకే అంగట్లో కొన్నారు. ఇంటికొచ్చి ఆడితే ఒక వింత జరిగింది. మా తమ్ముడు మీట నొక్కితే రెండు కార్లూ కదిలినాయి. మా మామ కొడుకు నొక్కితే కూడా రెండూ కదిలినాయి. "నా కారును నువ్వెందుకు తోలుతావు రా" అని ఇద్దరూ కొట్టుకున్నారు. మా అవ్వ అయితే కార్లకు గాలి పట్టిందని ఉప్పు దిష్టి తీసింది.

దానికి కారణం నాకు తర్వాత తెలిసింది. రిమోట్‌లోంచి కంటికి కనపడని రేడియో అలలు వస్తాయి. తక్కువ ధర బొమ్మకార్లు చాలావరకు 27 మెగాహెర్ట్జ్ అనే పౌనఃపున్యం మీద పనిచేస్తాయి. 27 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 2 కోట్ల 70 లక్షల కంపనాలు. రెండు కార్లకూ ఒకటే పౌనఃపున్యం ఉంటే ఎవరు పిలిచినా రెండూ పలుకుతాయి. తరగతిలో ఒకే పేరున్న ఇద్దరు పిల్లలుంటే మేడం పిలిచినప్పుడు ఇద్దరూ లేచి నిలబడినట్టు అన్నమాట.

ఇప్పటి విమానం రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. వీటిలో రిమోట్‌కూ, విమానంలో ఉండే రిసీవరుకూ ముందుగా జత కలుపుతారు. దీనిని బైండింగ్ అంటారు. ఆ రిసీవరు తన రిమోట్ మాట తప్ప వేరే రిమోట్ మాట వినదు. అందుకని ఒకే మైదానంలో నలుగురు నాలుగు విమానాలు ఎగరేసుకోవచ్చు.

ఇది కొత్త సంగతి అనుకుంటాము గానీ కాదు. 1898లో నికోలా టెస్లా అనే శాస్త్రవేత్త అమెరికాలో న్యూయార్కు నగరంలో ఒక నీళ్లతొట్టిలో చిన్న పడవను తీగ ఏదీ లేకుండా దూరం నుంచి నడిపి చూపించాడు. రైటు సోదరుల విమానం ఎగిరింది 1903 డిసెంబరు 17న. అంటే మనిషి విమానంలో ఎగరడానికి 5 ఏళ్ల ముందే రిమోట్ పడవ వచ్చింది! రైటు సోదరుల మొదటి ఎగురుడు 12 సెకన్లు, 120 అడుగులు మాత్రమే. ఈ అంకెలు గుర్తు పెట్టుకోండి, మన విమానం సంగతి వచ్చినప్పుడు పోల్చుకోవచ్చు.

సామాను ఎట్ల వచ్చింది

పోయిన నవంబరులో మేడం మమ్మల్ని నంద్యాలలో ఒక ఇంజనీరింగు కాలేజీలో జరిగిన ప్రదర్శనకు తీసుకుపోయినారు. అక్కడ ఒక అక్క తాను చేసిన రిమోట్ విమానం చూపించింది. అందరూ ఎగిరేదాన్ని చూస్తుంటే నేను అక్క చేతులు చూస్తున్నాను. రెండు బొటనవేళ్లు తప్ప ఇంకేమీ కదలడం లేదు. ఎడమ వేలు పైకి తోస్తే మోటారు వేగం పెరుగుతుంది. కుడి వేలు వెనక్కి లాగితే విమానం ముక్కు పైకి లేస్తుంది.

నేను అడిగిన ప్రశ్నలకు అక్కకు నవ్వొచ్చింది. "నువ్వు ఇన్ని అడుగుతున్నావు, చేసి చూస్తావా?" అన్నది. తన పాత సామాను ఒక అట్టపెట్టెలో పెట్టి ఇచ్చింది. అందులో రిమోట్, రిసీవరు, ఒక మోటారు, ఆ మోటారు వేగం చూసే చిన్న పలక, రెండు సర్వోలు, ఒక బ్యాటరీ, దాని చార్జరు, రెండు పంకాలు, నాలుగు తెల్ల ఫోమ్ షీట్లు ఉన్నాయి. విమానం ఎట్ల కట్టాలో చెప్పే కాగితం కూడా పెట్టింది. అది ఇంగ్లీషులో ఉంది. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే కాబట్టి అడగడానికి ఇంట్లో ఎవ్వరూ లేరు. మేడం నిఘంటువు ఇచ్చినారు. రెండు రాత్రులు స్టడీ అవర్ అయినాక ఐదుగురం కూర్చుని ఒక్కొక్క మాట వెతుక్కుని తెలుగులో రాసుకున్నాము.

అక్క ఒక షరతు పెట్టింది. "నాకు ఇవి ప్రాజెక్టుకు కావాలి. 15 రోజులకు నేనే వచ్చి తీసుకుపోతాను. ఆ లోపల మీరు కట్టి పెట్టుకుంటే నా ముందర ఎగరేద్దాము. లేకుంటే ఈసారికి ఇంతే" అన్నది. కాబట్టి మాకు ఉన్నది 15 రోజులు. అందులో బడి పోను, పరీక్ష పోను మిగిలేది పొద్దున ఒక గంట, ఆటల పీరియడు, రెండు ఆదివారాలు.

వచ్చేదారిలో జిగురు, చిన్న స్క్రూలు కొనడానికి నంద్యాల గాంధీ చౌక్ పక్కన ఒక అంగడికి పోయినాము. దేనికని అంగడాయన అడిగితే చెప్పినాము. ఏ ఊరని అడిగితే అదీ చెప్పినాము. ఆయన పక్కనున్న వాళ్లను చూసి, "అడవిలో విమానమంట! పాపా, ఇది ఇంజనీరింగు చదివే పిల్లోళ్ల పని, మీకెందుకు?" అని నవ్వినాడు. నాతో వచ్చిన స్నేహితురాలు తల దించుకున్నది. స్క్రూలకు డబ్బులిచ్చి వచ్చేసినాము. బస్సులో ఆళ్లగడ్డ వచ్చేదాకా ఎవ్వరమూ మాట్లాడలేదు. ఆ మాట మంచిదో చెడ్డదో నేను చెప్పను గానీ, ఆ రోజు నుంచి ఐదుగురిలో ఒక్కరు కూడా పొద్దున లేవడానికి బద్ధకించలేదు.

ఎట్ల కట్టినాము

(పక్కన నేను గీసిన బొమ్మ చూడండి. కొలతలు సెంటీమీటర్లలో గలవు.)

రెక్క ఈ కొన నుంచి ఆ కొనకు 80 సెంటీమీటర్లు. వెడల్పు 18 సెంటీమీటర్లు. రెక్క ఒట్టి ఫోమ్‌తో చేస్తే గాలికి మధ్యలో విరుగుతుంది. దానికి లోపల బలంగా ఒక పుల్ల పెట్టాలి. కాగితంలో కార్బన్ కడ్డీ అని రాసి ఉంది. అది మన దగ్గర లేదు. మా తాత బాణాలకు చెక్కి ఆరబెట్టిన వెదురు పుల్ల నా పెట్టెలో ఒకటి ఉంది. బరువు తక్కువ, వంచితే వంగుతుంది, విరగదు. అదే పెట్టినాము.

రెక్కల కొనలు రెండూ కొంచెం పైకి లేచి ఉంటాయి, సగం తెరిచి పెట్టిన పుస్తకం మాదిరి. అట్ల ఉంటే విమానం ఒక పక్కకు ఒరిగినా తనంతట తానే మళ్లా సర్దుకుంటుంది. నేర్చుకునేవాళ్లకు ఇట్లాంటిదే మంచిదని అక్క చెప్పింది.

జిగురు సంగతి ఒకటి చెప్పాలి. ఫెవిక్విక్ వంటి జిగురు థర్మోకోల్ మీద వేస్తే థర్మోకోల్ కరిగి గుంట పడుతుంది. కాబట్టి ఏ జిగురైనా ముందు పనికిరాని ముక్క మీద ఒక చుక్క వేసి చూడాలి. మేము ఫెవికాల్, టేపు వాడినాము.

రెక్క, తోక వంకర లేకుండా అతకడం అన్నిటికంటే కష్టం. దీనికి ఉపాయం ఆళ్లగడ్డలో దొరికింది. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పులు రాతిబొమ్మలు చెక్కడం మీరందరూ చూసినారు. ఉలి పట్టేముందు వాళ్లు దారం పట్టి గీత కొడతారు. దారం అబద్ధం చెప్పదు. మేము కూడా తోక మధ్యలో ఒక గుండుసూది గుచ్చి దారం కట్టినాము. ఆ దారంతో కుడి రెక్క కొన దాకా కొలిచి, అదే దారం ఎడమ రెక్క కొనకు తిప్పినాము. రెండూ సమానం వచ్చేదాకా జరిపి అతికించినాము.

తర్వాత లోపలి సామాను. సర్వో అనేది అగ్గిపెట్టె కంటే చిన్నది, బరువు 9 గ్రాములు. దానికి మూడు తీగలు ఉంటాయి. రెండు కరెంటుకు, ఒకటి మాటకు. రిసీవరు ఆ మూడో తీగలో సెకనుకు 50 సార్లు చిన్న చిన్న విద్యుత్ పోటులు పంపుతుంది. ఒక్కో పోటు ఒక మిల్లీసెకను ఉంటే సర్వో చెయ్యి ఒక కొసకు, రెండు మిల్లీసెకన్లు ఉంటే ఇంకో కొసకు, ఒకటిన్నర అయితే మధ్యకు తిరుగుతుంది. సర్వో చేతికి సన్నని ఇనుప తీగ కట్టి తోకలోని పలకకు తగిలిస్తాము. ఒక సర్వో తోకలో అడ్డంగా ఉన్న పలకను ఎత్తి దించుతుంది. దీనిని ఎలివేటర్ అంటారు. ముక్కు పైకీ కిందికీ పోవడం దీని పని. ఇంకొకటి నిలువు పలకను పక్కలకు తిప్పుతుంది. దీనిని రడ్డర్ అంటారు. పడవకు చుక్కాని ఎట్లనో ఇది అట్ల.

మోటారుకు మూడు తీగలు. మేము తగిలించినప్పుడు మోటారు వెనక్కి తిరిగింది. భయపడనక్కర లేదు, మూడింటిలో ఏ రెండు తీగలైనా అటూ ఇటూ మారిస్తే సరిగ్గా తిరుగుతుంది. మోటారును పరీక్ష చేసేటప్పుడు పంకా పెట్టకూడదు. పంకా వేలికి తగిలితే కోసేస్తుంది.

బ్యాటరీని లిథియం పాలిమర్ బ్యాటరీ అంటారు. లోపల రెండు అరలు ఉన్నాయి. ఒక్కొక్కటి 3.7 వోల్టులు, మొత్తం 7.4. ఒక్కో అరను 4.2 వోల్టుల కంటే ఎక్కువ నింపకూడదు, 3 కంటే కిందికి దించకూడదు. దెబ్బ తగిలి ఉబ్బిన బ్యాటరీ మంట పట్టుకుంటుంది. కాబట్టి మట్టిచట్టిలో ఇసుక పోసి దానిలో పెట్టి చార్జింగు చేసినాము, అయ్యేదాకా ఒకరు పక్కనే కూర్చున్నాము.

ఎగరలేదు

8 రోజులకు విమానం తయారైంది. ఆళ్లగడ్డలో కిరాణం అంగట్లో ఎలక్ట్రానిక్ తూకం మీద పెట్టినాము. 218 గ్రాములు వచ్చింది. అంగడామె "ఇది ఏం సరుకు పాపా?" అని అడిగి చూడడానికి బయటికి వచ్చింది.

అక్క చెప్పిన ప్రకారం ముందు పంకా లేకుండా, ఒట్టి చేత్తో విసిరి చూడాలి. గడ్డి మీద విసిరినాము. విమానం ముక్కు పైకెత్తింది, ఒక క్షణం గాలిలో ఆగింది, తోక కిందికి జారి దబ్బుమని పడింది. మళ్లా మెల్లగా విసిరినాము. అంతే. గట్టిగా విసిరినాము. ఇంకా ఎత్తుకు పోయి ఇంకా గట్టిగా పడింది. మూడు రోజులు పొద్దున్నే ఇదే పని. ఎలివేటర్ పలక వంచి చూసినాము, రెక్క విప్పి మళ్లా కట్టినాము. ముక్కు దగ్గర ఫోమ్ నలిగిపోయింది. 15 రోజుల్లో 11 అయిపోయినాయి. పదో తరగతి అక్కలు "ఇది ఎగరదులేమే, పరీక్షకు చదువుకోండి" అన్నారు. నంద్యాల అంగడాయన నవ్వు నాకు రాత్రి పడుకున్నాక వినపడేది.

12వ రోజు ఆదివారం. ఇంటివాళ్లు చూడడానికి వచ్చే రోజు. మా తాత వచ్చినాడు. తేనె సీసా ఇచ్చి, నా చేతిలో ఉన్నదాన్ని చూసి, "ఏందిది పాపా, కొంగనా?" అన్నాడు. విమానమని చెప్పినాను. ఎగరడం లేదని కూడా చెప్పినాను. తాత దాన్ని తీసుకుని రెక్క కింద ఒక వేలు పెట్టి ఎత్తినాడు. బాణం చేసినప్పుడు చూసేది అట్లనే. వేలు ముందుకు, వెనక్కి జరిపి ఒకచోట ఆపినాడు. విమానం వేలి మీద నిలబడింది.

"తోక బరువుంది. ములికి లేని బాణం వేస్తే ఏమైతాది? గాలిలో పల్టీ కొడతాది. ముందర బరువుండాల, వెనక ఈకలుండాల. అప్పుడే ముక్కు చూసిన కాడికి పోతాది."

అంతే చెప్పినాడు. విమానం నా చేతికిచ్చి బీడీ కాల్చుకోవడానికి గేటు బయటికి పోయినాడు. మా తాత చదువుకోలేదు. ఇప్పుడు అడవిలో వేట లేదు. అయినా అహోబిలం పార్వేట పండుగకు ఏటా బాణాలు చేస్తాడు. చెంచులక్ష్మి ఆడపడుచు అని మనవాళ్లు స్వామి పల్లకి ముందర బాణాలు వేస్తారు కదా, ఆ బాణాలు.

నేను స్కేలు తెచ్చి తాత వేలు పెట్టినచోటు కొలిచినాను. రెక్క ముందు అంచు నుంచి 8 సెంటీమీటర్లు. ఇంగ్లీషు కాగితంలో వెతికితే అదే సంగతి ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది. రెక్క వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్యలో బరువు నిలబడాలని. మా రెక్క 18 సెంటీమీటర్లు కాబట్టి నాలుగున్నర నుంచి 6 మధ్యలో ఉండాలి. మాది 8 దగ్గర ఉంది. దీనిని పుస్తకంలో గురుత్వ కేంద్రం అంటారు. పాత పుస్తకాల్లో గరిమనాభి అని ఉంది. మా తాత భాషలో దాని పేరు "బాణం నిలబడే కాడ".

మేడం సోమవారం ఇది బోర్డు మీద గీసి చెప్పినారు. బాణం గాలిలో కొంచెం వంకరైతే వెనక ఈకలకు గాలి తగిలి తోకను మళ్లా వరుసలోకి తోస్తుంది. బరువు ముందర ఉంటేనే ఆ తోపుడుకు బలం వస్తుంది. బరువు వెనక ఉంటే ఈకలున్నా లాభం లేదు. విమానం తోక చేసే పని కూడా అదే. తోక అందానికి కాదు.

లెక్క కూడా వేసినాము. బ్యాటరీ 36 గ్రాములు. దాన్ని 9 సెంటీమీటర్లు ముందుకు జరిపితే 36 ఇంటు 9, అంటే 324. పది రూపాయల బిళ్ల సుమారు 7.7 గ్రాములు. దాన్ని పాత నిలుపు చోటు నుంచి 20 సెంటీమీటర్ల ముందర, ముక్కులో అతికిస్తే 154. రెండూ కలిపి 478. దీన్ని మొత్తం బరువు 226తో భాగిస్తే 2.1 వచ్చింది. అంటే నిలుపు చోటు 2.1 సెంటీమీటర్లు ముందుకొచ్చి 5.9 దగ్గర నిలవాలి. చేసి వేలి మీద పెట్టి చూస్తే సరిగ్గా అక్కడే నిలిచింది. లెక్కల నోటుబుక్కులో వచ్చిన జవాబు వేలి మీద వచ్చి కూర్చోవడం నేను మొదటిసారి చూసినాను.

మంగళవారం పొద్దున విసిరితే విమానం తల ఎత్తలేదు, తోక దించలేదు. తిన్నగా పోయి, 20 అడుగుల అవతల గడ్డి మీద పొట్టతో జారింది. మేము అరిచిన అరుపుకు వంటగదిలో నుంచి ఆయమ్మలు పరుగెత్తుకొని వచ్చినారు.

ఎగిరింది

15వ రోజు బుధవారం సాయంత్రం అక్క వచ్చింది. గాలి తగ్గేదాకా ఆగి 5 గంటలకు మైదానంలోకి పోయినాము. నా స్నేహితురాలు, ఆ రోజు అంగట్లో తల దించుకున్నామె, విమానం పట్టుకుని గాలికి ఎదురుగా పరుగెత్తి వదిలింది. రిమోట్ అక్క దగ్గర ఉంది. విమానం రేగుచెట్టును దాటి, నీళ్లట్యాంకును దాటి, పైకి పోయింది. అక్క రిమోట్ మీద చిన్న మీటలు సర్ది, చేతులు వదిలినా నేరుగా పోయేటట్టు చేసి, రిమోట్ నాకు ఇచ్చింది.

ఒక సంగతి అందరూ తెలుసుకోవాలి. విమానం మన నుంచి దూరంగా పోయేటప్పుడు కుడి అంటే కుడే. అది తిరిగి మన వైపు వచ్చేటప్పుడు కుడి ఎడమ తారుమారు అవుతాయి. అక్క ఒక ఉపాయం చెప్పింది. నీ వైపు వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో ఆ పక్కకే పుల్ల తోయాలి. పడిపోయేవాళ్ల భుజం కింద చెయ్యి పెట్టినట్టు అనుకో అన్నది. అది గుర్తు పెట్టుకుంటే చాలు.

ఐదుగురం తలా కొంచెం సేపు నడిపినాము. గడియారం పెట్టుకుని 4 నిమిషాలకు దించేసినాము. బ్యాటరీని పూర్తిగా పిండకూడదు కాబట్టి. గోడ అవతల శనగచేనులో దిగింది. చేను ఆయన ముందు కేక వేసినాడు, తర్వాత చూసి "ఇంకోసారి ఎగరేయండి" అన్నాడు. రైటు సోదరులది 12 సెకన్లు, మాది 240 సెకన్లు. వాళ్లకు చెప్పేవాళ్లు లేరు, మాకు అక్క ఉంది, మేడం ఉంది, తాత ఉన్నాడు. తేడా అదే.

భయం గురించి

నేను ఇంటికి పోయి చెప్తే మా అవ్వకు సంతోషం కలగలేదు. "ఎగిరేది ఏదైనా కూలుతాది బిడ్డా" అన్నది. అవ్వ అట్ల అనడానికి కారణం ఉంది. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు పోతున్న హెలికాప్టర్ మన నల్లమలలోనే పావురాలగుట్ట దగ్గర కూలింది. లోపలున్న ఐదుగురూ చనిపోయినారు. మరుసటి రోజు గానీ ఆచూకీ దొరకలేదు. అప్పటికి నేను పుట్టలేదు. ఆ రోజు వానను, అడవి మీద తిరిగిన విమానాల మోతను అవ్వ ఇప్పటికీ చెప్తుంది.

అవ్వ భయం తప్పు కాదు. ఎగిరేదానికి నియమాలు ఉండాలి. అక్క చెప్పినవి, మేడం చెప్పినవి కలిపి రాస్తున్నాను:

1. గాలి, వాన ఉంటే ఎగరేయకూడదు. ఎంత ఆశగా ఉన్నా సరే.
2. మనుషుల మీద, పశువుల మీద, రోడ్డు మీద, కరెంటు తీగల దగ్గర ఎగరేయకూడదు.
3. కంటికి కనిపించేంత దూరమే పోనివ్వాలి.
4. మన దేశంలో 2021 నుంచి డ్రోన్ నియమాలు ఉన్నాయి. 250 గ్రాములు, అంతకు తక్కువ ఉన్నవాటిని నానో అంటారు. వాటిని నడపడానికి లైసెన్సు అక్కరలేదు. మనది 226 గ్రాములు. కానీ విమానాశ్రయాల దగ్గర, నిషేధం ఉన్నచోట్ల ఏదీ ఎగరేయకూడదు.
5. మన గూడేల చుట్టూ ఉన్నది పులుల అభయారణ్యం. అక్కడ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. తాతకు గూడెంలోనే చూపించాలని నాకు ఉంది గానీ, ఆ మోతకు పక్షులు, జంతువులు బెదురుతాయి. కాబట్టి తాతనే ఇక్కడికి రమ్మన్నాను.

ఇది ఆటేనా?

ఆటే. కానీ ఆటతో ఆగిపోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు పడవలు పోలేని చోటికి డ్రోన్లతో అన్నం, నీళ్లు పంపినారు. మహిళా సంఘాలకు పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు ఇచ్చే నమో డ్రోన్ దీదీ పథకం 2023లో మొదలైంది. 15,000 సంఘాలకు ఇవ్వాలని లెక్క. అదే విద్య యుద్ధానికి కూడా వాడతారు. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ వాళ్లు లేజరు కిరణంతో ఒక రెక్కల డ్రోన్‌ను కూల్చి చూపించినారు. విద్య ఒకటే, వాడేవాళ్లను బట్టి ఉంటుంది.

2021 ఏప్రిల్ 19న అంగారక గ్రహం మీద ఇన్‌జెన్యుటీ అనే చిన్న హెలికాప్టర్ ఎగిరింది. బరువు 1.8 కిలోలు. అక్కడి గాలి మన గాలిలో నూటికి ఒక వంతు సాంద్రత మాత్రమే. అంత దూరానికి రేడియో అల చేరడానికి నిమిషాలు పడుతుంది కాబట్టి చేతిలో రిమోట్‌తో నడపడం కుదరదు. తనంతట తానే ఎగిరేటట్టు చేసినారు. మొత్తం 72 సార్లు ఎగిరింది. దానిని చేసిన బృందంలో ప్రధాన ఇంజనీరు బాబ్ బలరాం గారు మన రాయలసీమలోనే, మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడిలో చదువుకున్నారు. ఇది చదివినాక మదనపల్లె నుంచి అంగారకుడి దాకా దారి ఉన్నప్పుడు నల్లమల నుంచి ఎందుకు ఉండదు అనిపించింది.

ఆడపిల్లలకెందుకు అనేవాళ్లకు ఇంకొకటి. 1936లోనే సరళా థక్రాల్ అనే ఆమె చీర కట్టుకుని విమానం నడిపి లైసెన్సు తెచ్చుకున్నారు. 

మూడో ప్రశ్న

మళ్లా ఎప్పుడు ఎగరేస్తారు అని కదా అడిగినారు. అక్క ఆ రోజే రిమోట్, మోటారు, బ్యాటరీ అన్నీ విప్పి పెట్టెలో పెట్టుకుని పోయింది. అది ఆమె సామాను, మాట ప్రకారం తీసుకుపోయింది. సైన్సు గదిలో వేలాడేది ఒట్టి శరీరం. ముక్కులో పది రూపాయల బిళ్ల మాత్రం అట్లనే ఉంది.

మన సొంతానికి కొనాలంటే మోటారు, దాని పలక, సర్వోలు, బ్యాటరీ కలిసి రెండు వేల దాకా అవుతాయి. రిమోట్, రిసీవరు, చార్జరు కలిసి ఇంకో ఐదు వేలు. రిమోట్ ఒకసారి కొంటే ఎన్ని విమానాలకైనా, కార్లకైనా, పడవలకైనా అదే సరిపోతుంది. ఏడు వేలు ఐదుగురి దగ్గర లేవు. కానీ ఇంకో దారి ఉంది. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం అటల్ టింకరింగ్ ల్యాబ్ అని 6 నుంచి 12 తరగతుల పిల్లలకు ఇట్లాంటి సామానుతో ఒక గది పెట్టడానికి బడులకు డబ్బు ఇస్తున్నది. ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో 50,000 ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పినారు. మన బడికి కూడా ఒకటి అడుగుదామని హెడ్‌మిస్ట్రెస్ గారికి అర్జీ రాసినాము. అర్జీ మేడం బల్ల మీద ఉంది. ఇప్పటికి 5 సంతకాలు ఉన్నాయి. 9వ తరగతిలోనే మనం 38 మందిమి. మీరు కూడా పోయి చదివి, నచ్చితే సంతకం పెట్టండి.

అది వచ్చేదాకా ఊరికే కూర్చోనక్కరలేదు. మోటారు లేని విమానానికి పైసా ఖర్చు లేదు. పెళ్లిళ్లలో పారేసే థర్మోకోల్ పళ్లేలు, ఒక వెదురు పుల్ల, ముక్కుకు కొంచెం బంకమట్టి చాలు. మట్టి ఎంత పెట్టాలో మీ వేలే చెప్తుంది. ప్రతి శనివారం ఆటల పీరియడులో మేము ఐదుగురం రేగుచెట్టు కింద ఉంటాము. 6వ తరగతి చెల్లెళ్లు కూడా రావచ్చు. వచ్చేటప్పుడు స్కేలు, దారం తెచ్చుకోండి. ఇంట్లో బాణాలు చేసే తాతలు, తాళ్లు పేనే నాయనలు ఉంటే ఆదివారం వాళ్లను కూడా ఒక్కసారి మా దగ్గరికి తీసుకురండి. మా దగ్గర అడగవలసినవి ఇంకా చాలా ఉన్నాయి.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని